పెద్దమ్మ వచ్చిన రోజు

రాత్రి భోజనాలయ్యాక బార్బరా విల్సన్ గురించి చదువుతూ కూర్చున్నాను. బ్రిటన్‌కు చెందిన క్లినికల్ న్యూరోసైకాలజిస్టు, అంటే మెదడు దెబ్బతిన్నవాళ్ల జ్ఞాపకశక్తి, ఆలోచన లాంటివి చూసే నిపుణురాలు. బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ, ఇంటర్నేషనల్ న్యూరోసైకలాజికల్ సొసైటీ రెండూ ఆవిడకి జీవిత సాఫల్య పురస్కారాలిచ్చాయి. 1998లో ఓబీఈ అనే బ్రిటిష్ ప్రభుత్వ గౌరవం కూడా వచ్చింది. ఇలాంటి గౌరవాలు ఎక్కువగా మెదడులో కొత్త సంగతి కనిపెట్టినవాళ్లకే దక్కుతాయనుకునేదాన్ని. ఈవిడ మాత్రం మెదడుకి దెబ్బ తగిలిన మనిషి ఇంటికెళ్లాక రోజెలా గడుపుకోవాలన్న దాని మీదే జీవితమంతా పనిచేసింది. మా తమ్ముడికి బైక్ యాక్సిడెంట్ అయినప్పటి నుంచీ మా ఇంట్లో ఉన్న ప్రశ్న కూడా అదే.

1985లో వచ్చిన ఆవిడ రివర్‌మీడ్ జ్ఞాపకశక్తి పరీక్షలో అంకెల జాబితాలు అప్పజెప్పించడం లాంటివి కాకుండా నిజంగా రోజూ పడే ఇబ్బందులే ఉంటాయి. మనిషి దగ్గరున్న వస్తువొకటి తీసుకుని దాచేస్తారు, చివర్లో వాళ్లే గుర్తు పెట్టుకుని అడగాలి. అలారం మోగగానే ముందు చెప్పిన ప్రశ్న వెయ్యాలి. ఇవి చేయలేకపోతే ఇంట్లో ఏం జరుగుతుందో మాకు బాగా తెలుసు.

నన్ను బాగా పట్టేసింది మాత్రం 1994లో ఆవిడ, సహచరులు కలిసి రాసిన పేపరు. జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిన్నవాళ్లకి ఏదైనా నేర్పేటప్పుడు తప్పు చెప్పే అవకాశమే ఇవ్వకూడదంటారు. మామూలువాళ్లం తప్పు చెప్పి, అది తప్పని గుర్తుంచుకుని దిద్దుకుంటాం. వాళ్లకి దిద్దిన సంగతి గుర్తుండదు, నోట వచ్చిన తప్పే నిలిచిపోతుంది.

ఇవాళ మధ్యాహ్నం జరిగింది అచ్చం అదే. భీమవరం నుంచి పెద్దమ్మ వచ్చింది. వస్తూనే తమ్ముడి గడ్డం పట్టుకుని "నేనెవర్నో చెప్పు నాన్నా" అంది. "అత్తయ్య" అన్నాడు. కాదంది. వంటింట్లోంచి అమ్మ "బాగా ఆలోచించరా" అంది. వాడి మొహం ఎర్రబడిపోయింది, చొక్కా గుండీ తిప్పుతూ కూర్చున్నాడు. కాఫీ తాగేటప్పుడు మళ్లీ "అత్తయ్యా" అనే పిలిచాడు. పెద్దమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. పాపం, ప్రేమ కొద్దీ అడిగిందే. మన ఇళ్లలో అందరూ అంతే. అమ్మకి ఈ పేపరు సంగతి చెప్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే మనమే ముందు పేరు చెప్పెయ్యాలన్నమాట" అంది.

విల్సన్ 1996లో కేంబ్రిడ్జ్ దగ్గరున్న ఈలీలో, మెదడు దెబ్బతిన్నవాళ్లు మళ్లీ కోలుకునేందుకు ఆలివర్ జాంగ్విల్ సెంటర్ మొదలుపెట్టింది. అక్కడ ఏం సాధించాలో పేషెంటుతో, ఇంట్లోవాళ్లతో కలిసి నిర్ణయించేవారట. మాకైతే డిశ్చార్జి చేసేటప్పుడు మాత్రల చీటీ తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఇలాంటి చోటు మనకి ప్రతి జిల్లాలోనూ కావాలి.

విల్సన్ వాళ్లు పేజర్‌తో, అంటే మెసేజ్‌లు అందుకునే చిన్న పరికరంతో, చేసిన ప్రయోగం కూడా చదివాను. 143 మందితో చేసి 2001లో ప్రచురించారు. సమయానికి మెసేజ్ వస్తే, ట్రయల్ పూర్తి చేసినవాళ్లలో నూటికి 80 మందికి పైగా తమ పనులు ముందుకంటే బాగా చేసుకోగలిగారు. మా వాడి ఫోన్‌లో మాత్రల అలారం ఒక్కటే ఉంది, అదీ ఉత్త మోత. ఏ పనికో తెలుగులో రాసి పెట్టాలి. రేపు వాణ్ణే పక్కన కూర్చోబెట్టుకుని ఏమేం కావాలో అడిగి పెడతాను.