నీలం నీళ్లలో రక్తపు చుక్క

నా వేలి నుంచి తీసిన చుక్క కాపర్ సల్ఫేట్ ద్రావణంలో తిన్నగా అడుక్కి దిగింది. "హిమోగ్లోబిన్ సరిపోతుందండీ, పడుకోండి" అన్నారు సిస్టర్.

ఇవాళ గుంటూరు బ్రాడీపేటలో రక్తదాన శిబిరం. పక్క మంచం మీదాయన గుప్పెట్లో బంతి నొక్కుతూ, "మూణ్ణెల్లకోసారి ఇస్తే ముసలితనం రాదటండీ, ఒంట్లో ఇనుము తగ్గుతుందట" అన్నారు.

ఇనుము తగ్గే మాట నిజమే. 450 మిల్లీలీటర్లు ఇస్తే 200 మిల్లీగ్రాములకు పైనే పోతుంది. హిమోక్రోమటోసిస్, అంటే ఒంట్లో ఇనుము మరీ పేరుకుపోయే జబ్బు ఉన్నవాళ్లకి రక్తం తీయడమే వైద్యం. 2020లో కాలిఫోర్నియాలో ముసలి ఎలుకల ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) సగం తీసి సెలైన్, ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోస్తే కండరాలు బాగా కోలుకున్నాయి. కానీ అది ప్లాస్మా, పైగా ఎలుకలు. రక్తం తీయించుకుంటే మనిషి ఆయుష్షు పెరుగుతుందని ఇంకా రుజువు కాలేదు.

నా వెనకాల వచ్చిన కాలేజీ అమ్మాయి చుక్క మునగలేదు. పాలకూర, బెల్లం తినమని చెప్పి పంపేశారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. అలాంటి పిల్లలు ఈ యవ్వనం మాట నమ్మితే ఎలా అని నాకు ఒకటే టెన్షన్.

పక్క మంచం మీదాయన మాత్రం మళ్లీ రావాలి. ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారవని తలసీమియా పిల్లలకి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆయన యవ్వనం కోసమే ఇచ్చినా నాకు సంతోషమే.