సిరామిక్ కోటింగ్ ఇంట్లోనే వేసుకున్నాను, బానెట్ మాత్రం ఏడిపించింది

నిన్న సాయంత్రంతో పని పూర్తయింది. భుజాలు ఇంకా లాగుతున్నాయి. అయినా ఇప్పుడే రాస్తున్నాను. వారం పోతే పడ్డ కష్టం మరిచిపోయి అంతా తేలికే అని చెప్పేస్తానేమో.

మాది నల్ల కారు, కొని నాలుగేళ్లయింది. ఎండలో చూస్తే ఒళ్లంతా సాలెగూడులాంటి సన్నటి గీతలు. వాటిని తీసేసి పైన సిరామిక్ కోటింగ్, అంటే పెయింట్ మీద రాస్తే ఆరి గట్టి పొరలా మారే ద్రవం, వేయాలని కూర్చున్నాను.

కడగడం మామూలే. ఒక బకెట్‌లో షాంపూ, ఇంకో బకెట్‌లో గ్లోవ్ జాడించడానికి మంచినీళ్లు. ఐరన్ రిమూవర్ కొడితే బ్రేకుల నుంచి ఎగిరి పెయింట్‌లో దిగిన ఇనుప రజను ఊదా రంగై కారింది. ఆ తర్వాత క్లే బార్, అంటే పెయింట్‌కి అతుక్కున్న మురికిని లాగేసే మెత్తటి బంకమట్టిలాంటి ముద్ద. కడిగాం కదా, ఇంకెందుకు అనుకునేవాళ్లు చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని పెయింట్ మీద వేళ్లు నడిపి చూడండి, గరగరమంటుంది. క్లే పట్టాక అదే చోట వేళ్లు జారిపోతాయి. క్లే ముక్క నేల మీద పడిందా, దాన్ని పారేయండి. అంటుకున్న ఇసుక రేణువు ఒక్కటి చాలు పెయింట్ గీసుకుపోవడానికి.

పాలిషింగ్‌కి ఒకటిన్నర రోజు పట్టింది. ప్యాడ్ గుండ్రంగా తిరుగుతూనే ఊగే డ్యూయల్ యాక్షన్ మెషీన్ వాడాను, తొందరపడలేదు. రంగు పైనుండే పారదర్శక పొర, అదే క్లియర్ కోట్, మందం మామూలుగా 40, 50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). పాలిష్ పట్టిన ప్రతిసారీ అందులో కొంత అరుగుతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచాను. ఇది మానొద్దు. పాలిష్‌లోని నూనె గీతల్ని కప్పేస్తుంది, కోటింగ్‌ని సరిగ్గా అంటుకోనివ్వదు.

ఇక కోటింగ్. రెండడుగుల చదరం చొప్పున, అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి రాసి, పైన ఇంద్రధనుస్సు రంగులు తేలగానే తుడిచేయాలి. తలుపులు పగలే నీడలో చేశాను, బాగా వచ్చాయి. బానెట్ దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. పైగా వాన పడి గాలంతా చెమ్మగా ఉంది. అక్కడితో ఆపాల్సింది. షెడ్‌లో నెత్తి మీదున్న ఒక్క ట్యూబ్‌లైట్ వెలుగులో కానిచ్చేశాను. తుడిచాక అద్దంలాగే కనిపించింది.

పొద్దున్నే కారు ఎండలోకి తీస్తే గుండె జారింది. ఎవరో నూనె చేత్తో తడిమినట్టు బానెట్ నిండా మరకలు. లెక్కపెట్టాను, పదకొండు. పొడిగుడ్డతో తుడిస్తే పోలేదు, ఆల్కహాల్‌కీ పోలేదు. తుడవగా మిగిలిన కోటింగ్ రాత్రికి రాత్రే గట్టిపడిపోయింది. ఇదే వృత్తిలో ఉన్న ఒకాయనకి ఫొటోలు పంపాను. "ఇవి ఇంట్లో చేసుకునే పనులు కావని ముందే చెప్పానుగా, ఇక బానెట్ మళ్లీ పెయింట్ వేయించుకోవాల్సిందే" అన్నాడు. ఆ మాట మా ఇంట్లోవాళ్ల ముందు స్పీకర్‌లో వినాల్సి వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆయన చెప్పింది అబద్ధం. మరక ఉన్నది పెయింట్‌లో కాదు, పైనున్న కోటింగ్‌లో. ఆ పొర మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు. మెత్తటి ప్యాడ్, సన్నరకం పాలిష్ తీసుకుని ముందు మూలనున్న ఒక్క మరక మీద పట్టి చూశాను. నాలుగో విడతకి పోయింది. ఎదుటివాడికి పని తెలియదన్న ధైర్యంతో భయపెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. పని నేర్చుకున్నవాడికి అది నేర్పే మనసు కూడా ఉండాలి.

పాలిష్ పట్టిన చోటల్లా కోటింగ్ కూడా లేచిపోతుంది కాబట్టి బానెట్ మొత్తం మళ్లీ తుడిచి, మళ్లీ వేశాను. ఈసారి పగలు, మా తమ్ముణ్ణి పక్కన పెట్టుకుని. వాడు టార్చి ఏటవాలుగా పట్టుకుని అవతలి వైపు వంగి చూసేవాడు. నేను పైనుంచి చూసి అయిపోయిందనుకున్న చోటే "అన్నయ్యా, ఇదిగో, హెడ్‌లైట్ పైన ఇంకోటుంది" అనేవాడు. వెంటనే రెండో గుడ్డతో రుద్దితే ఇట్టే పోయేది. తుడిచే మనిషికి మరక కనపడదు, పక్కనుంచి చూసేవాడికే కనపడుతుంది. ఒంటరిగా మాత్రం చేయకండి.

సీసా మీద 9హెచ్ అని రాసుంటే రాయి తగిలినా గీత పడదని అమ్మేవాళ్లు చెబుతారు, నమ్మొద్దు. అది పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షలో కొలత, అంతే.

ఇప్పుడు బానెట్ మీదికి వంగితే నా చొక్కా బొత్తాలు లెక్కపెట్టుకోవచ్చు. డబ్బులిచ్చి చేయించిన కార్లు కూడా చూశాను, నాది తీసిపోదు.

ఒక రోజంతా నీళ్లు తగలకూడదు కాబట్టి కారు షెడ్‌లోనే ఉంది. షాంపూ వారం దాకా లేదు. కోటింగ్ తుడిచిన గుడ్డలన్నీ పారేశాను. అవి ఆరాక గట్టిపడి పెయింట్‌ని గీస్తాయి, ఉతికి దాచుకోవద్దు.