గోల్డ్‌ఫిష్‌ని ఆక్వా ల్యాబుకి తీసుకెళ్లాను

పాలకొల్లులో గోల్డ్‌ఫిష్‌కి జబ్బు చేస్తే ఎవరికి చూపించాలో ఎవరూ చెప్పలేరు. అమ్మిన షాపులో అడిగితే నీలం మందు సీసా చేతిలో పెడతారు, అంతే. కానీ మన గోదావరి డెల్టాలో ఒక సదుపాయం ఉంది. భీమవరం వైపు ఎటు వెళ్లినా చెరువు నీళ్లు, జబ్బులు పరీక్షించే ఆక్వా ల్యాబులే. అవి పెట్టింది రొయ్యల చెరువులు, చేపల చెరువుల కోసమే, కాదనను. అయితే గోల్డ్‌ఫిష్‌దీ బొచ్చె, శీలావతి కుటుంబమే. వాటికి వచ్చే జబ్బులు చాలావరకు దీనికీ వస్తాయి.

మా అమ్మాయి పుట్టినరోజుకి మా తమ్ముడు రెండు కొత్త చేపలు తెచ్చి, కవరులో నీళ్లతో సహా తొట్టిలో వంచేశాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికే ఆ పని అయిపోయింది. వారం తిరక్కుండా పాత చేపల్లో తేడా కనిపించింది. అందరూ మచ్చల కోసం చూస్తారు గానీ మచ్చలు తర్వాత సంగతి. ముందు చేప అడుగున ఉన్న గులకరాళ్లకి ఒళ్లు రాసుకుంటుంది. విసురుగా వెళ్లి పక్కకి ఒరిగి, ఒక్క రుద్దు రుద్ది పైకి వస్తుంది. రెక్కలు విప్పదు. గాలి బుడగలు వచ్చే చోటే నిలబడి మొప్పలు గబగబా ఆడిస్తుంది. రాత్రి లైటు తీసేసి ఫోన్ టార్చి పక్కనుంచి వేస్తే అప్పుడు కనిపించాయి, తోక మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. జత కట్టే కాలంలో మగ గోల్డ్‌ఫిష్‌కి కూడా తెల్ల చుక్కలు వస్తాయి. అవి మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచు మీద మాత్రమే వరసగా ఉంటాయి, చేప హుషారుగా తిరుగుతుంది. దానికి మందు వేసి చంపుకోవద్దు. మా వాటికి తోకా, ఒళ్లూ అంతా ఉన్నాయి.

పక్కింటి బాబాయిగారిది రొయ్యల చెరువు. మా చేపలకి వైట్ స్పాట్, అంటే తెల్ల మచ్చల జబ్బు, అన్న మాట చెవిన పడగానే గోడ దగ్గరికి వచ్చేశారు. "అమ్మో, ఇంకేం మిగలదమ్మా. నీళ్లు పారబోసి బ్లీచింగ్ కొట్టెయ్" అన్నారు. ఆయన భయంలో న్యాయం ఉంది. రొయ్యలకి వచ్చే వైట్ స్పాట్ వైరస్. దానికి మందు లేదు, రోజుల్లో చెరువు ఖాళీ అయిపోతుంది. చేపలకి వచ్చేది అది కాదు. ఇది ఇక్ అనే ఒకే కణం ఉండే పరాన్నజీవి. దీనికి వైద్యం ఉంది. ఇంకొకాయన కాలువలో వదిలేయమన్నారు. అది మాత్రం ఎప్పుడూ చేయకూడదు. జబ్బు కాలువకి పోతుంది. తొట్ల నుంచి వదిలేసిన సక్కర్ చేపలు చెరువుల్లో చేరి రైతుల ప్రాణం తీస్తున్నది చాలదా?

ఒక చేపని కవరులో, తొట్టి నీళ్లు విడిగా ఒక సీసాలో పట్టుకుని ల్యాబుకి వెళ్లాను. కౌంటరు నిండా వాటర్ బాటిళ్లు, వాటి మీద మార్కరుతో రైతు పేరు, చెరువు నంబరు. నా సీసా మీద కూడా పేరు రాసి, "ఎన్నెకరాలండీ?" అని అడిగాడు కుర్రాడు. అరవై లీటర్లు అన్నాను. నవ్వు ఆపుకున్నాడు గానీ పని మాత్రం శ్రద్ధగా చేశాడు. చేపని తడిగుడ్డ మీద పడుకోబెట్టి, చిన్న గాజుపలకతో తోక వైపుకి మెత్తగా గీరి, ఆ జిగురుని స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో నన్నే చూడమన్నాడు. నల్లటి గుండ్రటి జీవి ఒకటి ఒళ్లంతా సన్నటి వెంట్రుకలతో తాపీగా దొర్లుతోంది. దాని లోపల గుర్రపు లాడం ఆకారంలో ఒక పట్టీ. ఆ లాడం కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదట.

"దీనికి మందుందండి. ముందు మీ అమ్మోనియా సంగతి చూసుకోండి మేడం గారూ" అన్నాడు.

చేపల వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే అమ్మోనియా అర పీపీఎం, అంటే లీటరుకి అర మిల్లీగ్రాము. పీహెచ్ 8.3. అర పీపీఎం అంటే ఎంత అనుకుంటాం. పీహెచ్ 7 దగ్గర అయితే అందులో విషమయ్యే భాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు. 8.3 దగ్గర, మన మే నెల ఎండకి నీళ్లు 30 డిగ్రీలుంటే, అది నూటికి 14 వంతుల దాకా పోతుంది. మొప్పలు దానికే సగం దెబ్బతింటాయి, పురుగు పని సులువవుతుంది. షాపువాళ్లిచ్చే మిథిలీన్ బ్లూ ఫిల్టరులో ఉండి అమ్మోనియాని తినేసే మంచి బ్యాక్టీరియాని కూడా చంపుతుంది, దాంతో అమ్మోనియా ఇంకా పెరుగుతుంది. అందుకే ఆ సీసా తొట్టిలో పోయడం నాకు నచ్చదు. వాడితే విడిగా టబ్బులోనే.

వైద్యం చెప్పడానికి తేలికే, చేయడానికి ఓపిక కావాలి. చేప ఒంటి మీద, చర్మం కింద ఉన్న పురుగుని చాలా మందులు ముట్టుకోలేవు. అది ఎదిగి రాలి, అడుగున జిగురులాంటి పొరలో చేరి, వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు చేపని వెతుక్కుంటూ ఈదే ఒకటి రెండు రోజుల్లోనే మందుకి దొరుకుతాయి. కాబట్టి రోజూ ట్యూబుతో గులకరాళ్ల మధ్య మురికి లాగేస్తూ పావు వంతు నీళ్లు మార్చాను. కాలువలకి నీళ్లు ఆపేసే రోజుల్లో కుళాయి నీళ్లు క్లోరిన్ వాసన కొడతాయి, అందుకని క్లోరిన్‌ని పోగొట్టే హైపో వేశాకే పోశాను. కల్లుప్పు లీటరుకి 2 గ్రాముల లెక్కన 120 గ్రాములు, ఒకేసారి కాకుండా మూడు విడతలుగా. ఆ తర్వాత మార్చిన 15 లీటర్లకి 30 గ్రాములే. ఫిల్టరులో బొగ్గు తీసేశాను, లేకపోతే మందంతా అదే పీల్చేస్తుంది. మాలకైట్ గ్రీన్ ఉన్న అక్వేరియం మందు, సీసా మీద రాసిన మోతాదులో, లైటు ఆపి, చేతులకి గ్లౌజులు వేసుకుని వాడాను. తినే చేపలకి ఆ మందు వాడకూడదు, చెరువు ఉన్నవాళ్లు ఇది చదివి అటు పోసేయకండి.

వేడి నీళ్లలో పురుగు జీవితచక్రం తొందరగా తిరుగుతుంది, మందుకి అది మంచిదే. కానీ అదే వేడికి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. కరెంటు పోతే నాకు టెన్షన్. బ్యాటరీ ఎయిర్ పంపు కొన్నాకే నిద్రపట్టింది.

వారం లోపే చుక్కలు రాలిపోయాయి. చాలామంది అక్కడే మందు ఆపేస్తారు, మళ్లీ రెట్టింపుగా వస్తుంది. చివరి చుక్క పోయాక ఇంకో వారం లాగించాను. కొత్తగా వచ్చిన రెండింట్లో ఒకటి బతకలేదు, మొప్పలు అప్పటికే పాడయ్యాయి. మిగిలినవి తిండికి పైకి వస్తున్నాయి.

ఇప్పుడు పెరట్లో నీడన ఒక నీలం టబ్బు, స్పాంజి ఫిల్టరు పెట్టాను. ఇంట్లోకి వచ్చే ఏ చేపైనా నెలరోజులు అందులోనే. మా తమ్ముడు మొన్న మళ్లీ ఒక కవరు పట్టుకొచ్చి, "చేపకి కూడా క్వారంటైనేంటే అక్కా" అని సణిగాడు. కవరు నీళ్లు మొక్కలకి పోయించి, చేపని వలతో టబ్బులో వేయించాను.