సొంత పుస్తకం లేని పాఠకులు

పోయిన నెలలో ఒక సాయంత్రం ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తిని, అడుగున మిగిలిన నాలుగు మరమరాలు నోట్లో వేసుకుని, చిన్నప్పటి అలవాటు కొద్దీ పొట్లం విప్పి చదవబోయాను. అందులో ఏమీ లేదు, తెల్ల కాగితం. అచ్చు సిరా ఒంటికి మంచిది కాదని, వార్తాపత్రికల్లో తినుబండారాలు కట్టవద్దని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లోనే సూచించింది కాబట్టి ఆ బండివాడు చేసింది సబబే. అయినా నాకు కాస్త వెలితిగా అనిపించింది. కిరాణా కొట్టు నుంచి శనగపప్పు వచ్చినా, బెల్లం వచ్చినా, ఆ పొట్లం కాగితాన్ని మడతలు సాపుచేసి, నూనె మరక పడని మేరకైనా చదివి అవతల పెట్టిన ఇంట్లో పెరిగినవాణ్ణి నేను.

పుస్తకాల చరిత్ర రాసేవారు సాధారణంగా అచ్చు ప్రతులను, గ్రంథాలయాలను, బీరువాలను ఆధారం చేసుకుని రాస్తారు. మామూలు మనుషులు చదివినదానిలో ఎక్కువ భాగం ఏ బీరువాలోనూ మిగలలేదు, ఎందుకంటే అది వారి సొంతం కాదు. అరువు తెచ్చుకున్నారు, అద్దెకు తెచ్చుకున్నారు, ఒకరు చదువుతుంటే పదిమంది విన్నారు.

మా మామ్మకు అక్షరం ముక్క రాదు, ఆస్తి కాగితాల మీద వేలిముద్రే వేసింది. కానీ ఎవరైనా అడిగితే "భారతం మూడుసార్లు చదివినాను" అనేదే తప్ప విన్నానని ఏనాడూ అనలేదు. మొదట్లో మేము నవ్వుకునేవాళ్లం. తాటియాకు పుస్తకాల సంగతి తెలిశాక ఆమె మాటలో తప్పేమీ కనబడలేదు. గంటంతో ఆకు మీద గీసి, ఆ గీతల్లోకి మసి పట్టించిన ఆ రాతలో పదానికీ పదానికీ మధ్య ఎడం ఉండదు, పద్యం పాదాలు కూడా విడివిడిగా కనిపించవు. అక్షరాల వరుసను పైకి చదువుకుంటూ పోతే తప్ప ఏ పదం ఎక్కడ విరుగుతుందో తెలియదు. అందువల్ల చదవడం అలవడిన ఒక్కడి పని అయింది, ఒకరు పద్యం చదవగా మరొకరు అర్థం చెప్పే పురాణ కాలక్షేపం ఊరందరి చదువు అయింది. అచ్చు పుస్తకాలు వచ్చిన తరువాత కూడా చాలా కాలం ఆ పద్ధతే సాగింది. రామాలయం అరుగు మీద పురాణం చెప్పే పెద్దాయన నిద్రమత్తులో ఒక పద్యం దాటవేస్తే, ఆడవాళ్ల వైపు నుంచి మా మామ్మే ఆయనను ఆపి వెనక్కి తీసుకువెళ్లేదట. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది, స్త్రీలలో అయితే 9 మంది కూడా లేరు. ఆ లెక్కలో ఆమె చదువురానివారి కిందే జమ అయి ఉంటుంది.

ఇది మనకు మాత్రమే చెందిన అలవాటు కూడా కాదు. క్యూబాలోని హవానా నగరంలో చుట్టల కర్మాగారాల కార్మికులు 1865 నుంచి తమ కూలి డబ్బుల్లో తలా కొంత వేసుకుని, తాము చుట్టలు చుడుతూ ఉండగా పైకి చదివి వినిపించడానికి ఒక మనిషిని పెట్టుకోసాగారు. ఆయన వార్తలూ చదివేవాడు, నవలలూ చదివేవాడు. చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చే మా మామ్మకు ఈ సంగతి చెప్పి ఉంటే ఎంతో ముచ్చటపడేది, కానీ నాకు తెలిసేనాటికి ఆమె లేదు.

మా తాతగారు షిప్‌యార్డులో పనిచేసేవారు. ఆ రోజుల్లో తెలుగు దినపత్రికలు మద్రాసులోనో విజయవాడలోనో అచ్చయి, రైల్లో విశాఖపట్నం చేరేసరికి మధ్యాహ్నమయ్యేది. అందువల్ల ఈ ఊళ్లో పత్రిక చదవడం సాయంత్రపు పని. షిఫ్టు దిగినవారు టీ కొట్టులో చేరితే అక్కడ ఉన్న ఒక్క పత్రికను కాగితం కాగితంగా విడదీసి పంచుకునేవారని, తన వంతు కాగితంలో మొదలైన వార్త మిగతా భాగం పక్కవాడి చేతిలో ఉంటే అతణ్ణే పైకి చదివి వినిపించమనేవారని నాన్నగారు చెప్పేవారు. 1974 ఆగస్టు 10న సీతమ్మధారలో ఈనాడు మొదలయ్యాక, ఊళ్లోనే అచ్చయిన పత్రిక తెల్లవారేసరికి గుమ్మంలో పడసాగింది. ఆ మార్పును అందరూ పత్రికల వ్యాపారం వైపు నుంచే చెబుతారు గాని, చదివే వేళ సాయంత్రం నుంచి ఉదయానికి, చదివే చోటు టీ కొట్టు నుంచి ఇంటి అరుగుకు జరగడమే నా దృష్టిలో అంతకంటె పెద్ద సంగతి. అయితే అరుగు మీద కూడా పత్రిక పూర్తిగా మాది కాలేదు. పక్కింటివారితో కలిసి సగం సగం చందా కట్టేవాళ్లం. ఎనిమిది గంటల వరకు మా ఇంట్లో, తరువాత వారింట్లో, నెలాఖరున పాత పేపర్లు అమ్మగా వచ్చిన డబ్బు మాత్రం చెరి సగం.

అల్లిపురంలో మేము వెళ్లే అద్దె పుస్తకాల కొట్టు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఆ వయసువారందరికీ అలాంటి కొట్టు ఒకటి ఉంటుంది. రోజుకు పావలా తీసుకునేవాడు. ఒక డిటెక్టివ్ నవల పన్నెండో పేజీలోనే ఎవరో పుణ్యాత్ముడు పెన్సిలుతో "హంతకుడు డ్రైవరే" అని రాసిపెట్టాడు. నా పావలా దండగయింది.

సొంత పుస్తకం అంటూ మా ఇంట్లో ఉన్నది అమ్మ తయారు చేసుకున్నది. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలను ఇంట్లో అందరూ చదివాక జాగ్రత్తగా చింపి దాచి, కథ ముగిశాక పూర్ణా మార్కెట్ దగ్గర బైండు చేయించేది. నీలం కాలికో అట్ట ఉన్న ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. అందులో పేజీల అంకెలు వరుసగా ఉండవు. 23, 24, 25 తరువాత ఒక్కసారిగా 61 వస్తుంది, ఎందుకంటే ప్రతి వారం కథ చివరి ముక్కను పత్రిక వెనక భాగంలో వేసేవారు. 61కి వెనక సగం తెగిన సబ్బు ప్రకటన, మరొకచోట పనసపొట్టు కూర వండే విధానం, అదీ పోపు వేసే దగ్గర ఆగిపోయింది.

నడుమ ఒక వారం సంచిక లేదు. ఎవరో చదివి ఇస్తామని తీసుకువెళ్లి తిరిగి ఇవ్వలేదు. ఆ వారం కథను కంచరపాలెంలో ఉన్న మా పిన్ని నోట విని, రూళ్ల కాగితాన్ని పత్రిక సైజుకు కత్తిరించి, రెండు వైపులా తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఆ చోటులోనే పెట్టి కుట్టించింది అమ్మ. పాత్రల పేర్ల కింద గీతలు కూడా గీసింది. రెండో వైపు చివర, పత్రికవారు వేసినట్టే కుడి పక్కన బ్రాకెట్లలో "ఇంకా ఉంది" అని రాసింది.