ఫైన్ కట్టేస్తే పోయేదేగా అనుకునే ముందు

అమెరికాలో వీసా మీద ఉన్న మనిషి మీద ఎంత చిన్న కేసు పడినా అది రెండు చోట్ల నడుస్తుంది. మొదటిది కౌంటీ కోర్టులో. అక్కడ తీర్పు వచ్చాక, ఒక్కోసారి రాకముందే, రెండోది ఇమిగ్రేషన్ వాళ్ల దగ్గర మొదలవుతుంది. కోర్టులో రెండు మూడు వందల డాలర్లతో తేలిపోయిన వ్యవహారమే తర్వాత స్టాంపింగ్‌కో గ్రీన్‌కార్డుకో అడ్డం పడుతుంది. మనవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఈ రెండో లెక్క తెలియకే. పైగా ఊళ్లో పోలీసుల దగ్గర పనికొచ్చే అలవాట్లు, అంటే బండి దిగి వెళ్లి నమస్కారం పెట్టడం, ముందే సారీ చెప్పడం, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పుకోవడం, అవతలివాళ్లతో రాజీ పడటం, ఇక్కడ ఎదురు తిరుగుతాయి.

ట్రాఫిక్ స్టాప్‌తో మొదలుపెడదాం. అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తప్పనిది అదే. వెనక లైట్లు వెలిగితే ఇండికేటర్ వేసి పక్కకి ఆపాలి. ఇంజన్ ఆపి, అద్దం దించి, చీకటైతే లోపలి లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనపడేలా పెట్టి కూర్చోవాలి. పిలవకుండా కారు దిగి ఆఫీసర్ వైపు నడిస్తే మన దృష్టిలో మర్యాద కావచ్చు, ఆయన దృష్టిలో మీదికొస్తున్న మనిషి. ఆయనే దిగమంటే మాత్రం దిగాలి, ఆ అధికారం ఆయనకుందని సుప్రీంకోర్టు 1977లోనే తేల్చింది. ఇన్సూరెన్స్ కాగితం గ్లోవ్‌బాక్స్‌లో ఉంటే, అక్కడుందని చెప్పి, సరే అన్నాకే చెయ్యి అటు పోనివ్వాలి. 'ఇక్కడే ఏదో చూసుకుందాం' అన్న ధోరణిలో డబ్బు ఊసెత్తితే టికెట్ కాస్తా లంచం కేసవుతుంది.

కారు వెతకొచ్చా అని ఆఫీసర్ అడిగితే అది నిజంగానే ప్రశ్న. కాదనే హక్కు మనకుంది, కానీ ఆ హక్కుందని చెప్పాల్సిన బాధ్యత ఆయనకి లేదు (1973 నాటి తీర్పు). అటూ ఇటూ తల ఊపి 'ఓకే సార్' అంటే ఒప్పుకున్నట్టే బాడీ కెమెరాలో రికార్డవుతుంది. 'ఐ డోంట్ కన్సెంట్ టు ఎ సెర్చ్' అని నెమ్మదిగా, స్పష్టంగా అంటే చాలు. ఆ తర్వాత కూడా వెతికితే అడ్డుపడకూడదు. తప్పో ఒప్పో కోర్టులో లాయర్ చూసుకుంటాడు.

టికెట్ మీద సంతకం పెడితే నేరం ఒప్పుకున్నట్టు కాదు, కోర్టుకి వస్తాననో డబ్బు కడతాననో మాటిచ్చినట్టు. సంతకం పెట్టి మరిచిపోవడమే ప్రమాదం. తేదీకి వెళ్లకపోతే జడ్జి బెంచ్ వారంట్ (అరెస్టు చెయ్యమన్న ఆర్డర్) ఇస్తాడు, మళ్లీ ఎప్పుడో టెయిల్ లైటు పోయిందని ఆపినప్పుడు అది కంప్యూటర్లో కనపడుతుంది. స్పీడు అన్ని రాష్ట్రాల్లోనూ ఉత్త టికెట్ వ్యవహారం కాదని కూడా గుర్తుండాలి. వర్జీనియాలో లిమిట్ మీద 20 మైళ్లు ఎక్కువ వెళ్లినా, లిమిట్ ఎంతున్నా 85 దాటినా రెక్లెస్ డ్రైవింగ్. అది క్లాస్ 1 మిస్‌డిమీనర్ అనే క్రిమినల్ నేరం, గరిష్ఠంగా 12 నెలల జైలు, 2,500 డాలర్ల జరిమానా. యాష్‌బర్న్ నుంచి రిచ్‌మండ్ వెళ్తూ 70 జోన్‌లో 86 మీద దొరికినవాడు క్రిమినల్ కేసులో ముద్దాయి. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేసి వదిలించుకునే సౌకర్యం ఉండదు, కోర్టుకి వెళ్లాల్సిందే.

నేరాల్లో రెండు అంతస్తులు. ఏడాది దాకా శిక్ష పడేది మిస్‌డిమీనర్, అంతకు మించితే ఫెలొనీ. రాష్ట్రాల మధ్య తేడాలున్నా స్థూలంగా లెక్క ఇదే. జైలు అంటే కౌంటీది, విచారణలో ఉన్నవాళ్లూ చిన్న శిక్షలవాళ్లూ ఉంటారు. ప్రిజన్ పెద్ద శిక్షలకి. రాష్ట్ర చట్టం వేరు, ఫెడరల్ చట్టం వేరు, కోర్టులూ వేరువేరు. ఉద్యోగస్తులకి ఫెడరల్ చట్టం తగిలే చోటు ఒకటుంది. హెచ్-1బి వాళ్ల ఆఫీసుకి ఇమిగ్రేషన్ ఇన్‌స్పెక్టర్లు చెప్పాపెట్టకుండా వచ్చి ఏం పని చేస్తున్నావు, జీతమెంత, మేనేజర్ ఎవరు అని అడుగుతారు. ఎంప్లాయర్ నేర్పిన అబద్ధం అక్కడ అప్పజెబితే ఫెడరల్ అధికారికి తప్పుడు మాట చెప్పిన నేరం, ఐదేళ్ల దాకా శిక్ష. మాట్లాడనని చెప్పడం నేరం కాదు, అబద్ధం చెప్పడం నేరం.

అరెస్టయితే చెయ్యాల్సింది ఒక్కటే: పేరు, చిరునామా చెప్పి నోరు కట్టుకోవడం. సినిమాల్లో వినిపించే 'యూ హావ్ ద రైట్ టు రిమైన్ సైలెంట్' అన్న మిరాండా హెచ్చరిక 1966 తీర్పు నుంచి వచ్చింది. అది చదవలేదు కాబట్టి కేసు కొట్టేస్తారని చాలామంది అనుకుంటారు. కొట్టెయ్యరు. కస్టడీలో ఉంచి ప్రశ్నలు అడిగినప్పుడే అది చదవాలి. చదవకపోతే అప్పుడు ఇచ్చిన జవాబులు సాక్ష్యంగా పనికిరావు, అంతవరకే. కారు పక్కన నిలబడి మనంతట మనం వివరించుకున్నదంతా సాక్ష్యమే.

మౌనంగా ఉంటానన్నదీ, లాయర్ కావాలన్నదీ నోరు తెరిచి చెప్పాలి. ఒక ముద్దాయి 'లాయర్‌తో మాట్లాడాలేమో' అన్న తరహాలో అన్నాడు. అది అడిగినట్టు కాదని సుప్రీంకోర్టు 1994లో తేల్చింది. మొహమాటంగా, సగం సగం మాట్లాడే మనకి ఈ తీర్పు బాగా తగులుతుంది. 'ఐ వాంట్ ఎ లాయర్. ఐ విల్ నాట్ ఆన్సర్ క్వశ్చన్స్.' ఇంతే, ముందూ వెనకా ఏమీ కలపొద్దు. ఫోన్ తెరిచి చూడాలంటే వాళ్లకి వారంట్ కావాలి (2014 తీర్పు), పాస్‌కోడ్ మనంతట మనం చెప్పేయక్కర్లేదు. ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ దగ్గర సంగతి వేరు, అక్కడ వారంట్ లేకుండానే చూస్తారు.

స్టేషన్లో బుకింగ్ అంటే ఫొటో, వేలిముద్రలు, జేబులో సామానుకి రసీదు. ఆ వేలిముద్రలు ఎఫ్‌బీఐకి వెళ్తాయి, అక్కడినుంచి హోంల్యాండ్ సెక్యూరిటీ డేటాబేస్‌కి చేరతాయి. కేసు తర్వాత కొట్టేసినా అరెస్టు జరిగిందన్న సంగతి అక్కడ ఉండిపోతుంది. జైలు నుంచి చేసే ఫోన్లు రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడితే వీళ్లకేం అర్థమవుతుందిలే అని భార్యకో రూమ్మేట్‌కో ఏం జరిగిందో వివరించకూడదు. అనువదించడానికి మనుషులున్నారు, ప్రాసిక్యూటర్ బల్ల మీద అది ఇంగ్లీషులో ఉంటుంది. ఫోన్లో చెప్పాల్సినవి మూడే: ఏ జైలు, బుకింగ్ నంబరెంత, లాయర్‌ని చూడండి.

వారంట్ లేకుండా అరెస్టు చేస్తే, కారణం ఉందో లేదో సాధారణంగా 48 గంటల్లోపు జడ్జి చూడాలి. బెయిల్ మొత్తం కోర్టులో కడితే వాయిదాలన్నిటికీ హాజరయ్యాక చాలావరకు తిరిగొస్తుంది. మన తరఫున బెయిల్‌కి పూచీ ఇచ్చే బాండ్స్‌మన్ దగ్గరికి వెళ్తే మామూలుగా పది శాతం తీసుకుంటాడు. పది వేల బెయిల్‌కి వెయ్యి డాలర్లు, అవి తిరిగి రావు. ఇల్లినాయి 2023 సెప్టెంబరు నుంచి డబ్బు బెయిల్‌నే ఎత్తేసింది. ఎక్కడైనా బెయిల్ కట్టే ముందు ఒకటి కనుక్కోవాలి: ఐస్ (ఇమిగ్రేషన్ పోలీసులు) వాళ్లు డిటైనర్, అంటే మాకు అప్పగించేదాకా వదలొద్దన్న నోటీసు, పెట్టారా? పెడితే, ఇటు డబ్బు కట్టగానే అటు వాళ్లు తీసుకెళ్లిపోవచ్చు. అలాంటప్పుడు బెయిల్ ఎప్పుడు కట్టాలన్నది లాయర్ చెప్పాల్సిన మాట.

మనవాళ్లకి బొత్తిగా మింగుడుపడని సంగతి, కేసు ఫిర్యాదుదారుది కాకపోవడం. కేసు ప్రభుత్వానిది, నడిపేది డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే ప్రభుత్వ లాయర్. ఇది ఎక్కువగా బయటపడేది భార్యాభర్తల గొడవల్లో. అరుపులు విని పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు 911కి ఫోన్ చేస్తారు, లేదా భయపడి భార్యే చేస్తుంది. న్యూజెర్సీలో ఒంటి మీద దెబ్బ కనపడితే పోలీసు అరెస్టు చేసి తీరాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో గత నాలుగు గంటల్లో చెయ్యి చేసుకున్నారని నమ్మే కారణముంటే అంతే. అక్కడి రెడ్‌మండ్‌లో మాట్లాడి సర్దిచెప్పి వెళ్లే అధికారం ఆ పోలీసుకి ఉండదు. మర్నాడు భార్య వెళ్లి 'కేసు వెనక్కి తీసుకుంటా' అంటుంది. వెనక్కి తీసుకోవడానికి ఆమె పెట్టిన కేసేమీ లేదు. పెద్దమనుషులు కూర్చోవడం, లోక్ అదాలత్‌లో రాజీ, ఇవేవీ ఇక్కడ లేవు. పైగా ఆమెని మాట మార్చుకోమని ఎవరైనా ఒత్తిడి చేస్తే, అది ఇండియా నుంచి అత్తగారు చేసిన ఫోనైనా సరే, సాక్షిని ప్రభావితం చేశారన్న కొత్త నేరం కాగలదు.

ఆ వెంటనే కోర్టు నో-కాంటాక్ట్ ఆర్డర్ ఇస్తుంది. ఇంటికి వెళ్లకూడదు, ఫోన్ చెయ్యకూడదు, వాట్సాప్‌లో పలకరించకూడదు, స్నేహితుల ద్వారా కబురు పంపకూడదు. ఇక్కడే చాలామంది పడతారు. భార్యే 'పాపకి జ్వరం, ఇంటికి రా' అని మెసేజ్ పెడుతుంది, అతను వెళ్తాడు. ఆర్డర్ ఉన్నది అతని మీద, ఆమె పిలిచినా ఉల్లంఘన అతనిదే. ఇమిగ్రేషన్ చట్టంలో గృహహింస నేరానికి శిక్ష పడటం ఒక డిపోర్టేషన్ కారణం, ఇలాంటి రక్షణ ఆర్డర్‌ని మీరడం విడిగా ఇంకో కారణం. గ్రీన్‌కార్డున్నా తప్పించుకోలేరు. పాస్‌పోర్టు, లాప్‌టాప్ తెచ్చుకోవాలంటే లాయర్ ద్వారా కోర్టునడిగి, పోలీసు తోడుగా వెళ్లి తెచ్చుకోవాలి.

వీసా పోతుందన్న భయంతో దెబ్బలు తింటూ ఊరుకుంటున్న హెచ్-4 (హెచ్-1బి వాళ్ల మీద ఆధారపడ్డవాళ్ల వీసా) భార్యలకి ఇంకో దారి కూడా ఉంది. వేధింపులకి గురైన హెచ్-4 భార్య ఐ-765వి ఫారంతో సొంతంగా వర్క్ పర్మిట్ అడగొచ్చు. పోలీసులకి సహకరించిన బాధితులకి యూ వీసా ఉంది, ఏడాదికి పదివేలే కాబట్టి క్యూ చాలా పొడవు.

కేసుల్లో ట్రయల్ దాకా వెళ్లేవి బహు తక్కువ. ఫెడరల్ శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం నేరం ఒప్పుకోవడం వల్ల పడినవేనని 2012లో సుప్రీంకోర్టే రాసింది. అంటే అసలు కేసు జరిగేది కోర్టు వరండాలో, ప్లీ బేరంలో, అంటే ఏ నేరం ఒప్పుకుంటే ఎంత శిక్ష అని ప్రాసిక్యూటర్‌తో మాట్లాడుకోవడంలో. షాప్‌లిఫ్టింగ్ తీసుకోండి. సెల్ఫ్ చెకౌట్‌లో నాలుగు వస్తువులు స్కాన్ చేసి రెండు చెయ్యకుండా సంచిలో వేస్తే, తలుపు దాటగానే లాస్ ప్రివెన్షన్ వాళ్లు (దొంగతనాలు కనిపెట్టే స్టోరు సిబ్బంది) ఆపుతారు. వెనక గదిలో కూర్చోబెట్టి ఒప్పుకోలు కాగితం ముందు పెడతారు, 'డబుల్ కడతాను' అన్నా ఒప్పుకోరు. టెక్సాస్‌లో వంద డాలర్ల లోపు సరుకైతే క్లాస్ సి, గరిష్ఠం 500 డాలర్ల ఫైనే, జైలు లేదు. చాలామంది సంతోషంగా కట్టేస్తారు. కానీ దొంగతనాన్ని ఇమిగ్రేషన్ వాళ్లు నైతిక పతనం కిందికొచ్చే నేరంగా చూస్తారు. ఒక్కసారికి, శిక్ష చిన్నదైతే, పెట్టీ అఫెన్స్ (చిన్న నేరం) మినహాయింపు ఉంది. అలాంటి నేరం రెండోది చేరితే అది పోతుంది.

ఇంకా మోసపూరితమైనది 'రికార్డు మీద ఉండదు' అన్న హామీ. టెక్సాస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ అంటే ముందు గిల్టీ లేదా నో కాంటెస్ట్ (ఆరోపణతో పోరాడను) అని చెప్పి, కొన్నాళ్లు ప్రొబేషన్ సక్రమంగా పూర్తి చేస్తే కోర్టు కేసు కొట్టేస్తుంది. రాష్ట్రం దృష్టిలో శిక్ష పడనట్టే. ఇమిగ్రేషన్ చట్టం మాత్రం నేరం ఒప్పుకోవడం, దానికి ఏదో ఒక షరతు విధించడం, ఈ రెండే చూస్తుంది. రెండూ ఉన్నాయి కాబట్టి అది శిక్షే, తర్వాత ఎక్స్‌పంజ్ చేయించుకున్నా, అంటే రికార్డు చెరిపించుకున్నా, మారదు. న్యూయార్క్‌లో ఏసీడీ (కొట్టేసే ఉద్దేశంతో కేసు వాయిదా వెయ్యడం) అలా కాదు. ఏమీ ఒప్పుకోకుండానే కేసు వాయిదా వేసి, మామూలుగా ఆరు నెలలు గొడవ లేకపోతే కొట్టేస్తారు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, వీసా దగ్గర మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. నేరం ఒప్పుకుంటే ఇమిగ్రేషన్ పరంగా ఏమవుతుందో చెప్పాల్సిన బాధ్యత డిఫెన్స్ లాయర్‌దేనని 2010లో పడిల్లా తీర్పు చెప్పింది. అయినా చాలామంది క్రిమినల్ లాయర్లకి ఆ లోతు తెలియదు. ఇమిగ్రేషన్ లాయర్ చేత ప్లీ గురించి రాతపూర్వకంగా అభిప్రాయం రాయించుకుని, దాన్ని క్రిమినల్ లాయర్‌కి ఇవ్వాలి. ఇది ప్లీకి ముందు జరగాలి.

తాగి నడిపిన కేసులో శిక్ష దాకా కూడా ఆగరు. డీయూఐ అరెస్టు సమాచారం అందగానే కాన్సులేట్ వీసా రద్దు చేసి ఈమెయిల్ పంపవచ్చు. ఇక్కడున్నంత కాలం స్టేటస్ మామూలుగా పోదు, కానీ బయటికి వెళ్తే కొత్త వీసా కావాలి, దానికి ముందు వాళ్లు చెప్పిన డాక్టర్ దగ్గర పరీక్ష. లైసెన్సు సంగతి విడిగా నడుస్తుంది. హియరింగ్ అడగడానికి కాలిఫోర్నియాలో 10 రోజులు, టెక్సాస్‌లో 15. గడువు దాటితే సస్పెన్షన్ దానంతటదే వస్తుంది. 2025 వసంతంలో వేలమంది ఎఫ్-1 విద్యార్థుల సెవిస్ రికార్డులు (ప్రభుత్వం దగ్గరుండే విదేశీ విద్యార్థుల వివరాలు) రద్దయినప్పుడు అందులో కొట్టేసిన కేసులవాళ్లూ ఉన్నారు. కోర్టులు జోక్యం చేసుకున్నాక ఏప్రిల్ చివర్లో వాటిని పునరుద్ధరించారు.

ఇమిగ్రేషన్ కోర్టు క్రిమినల్ కోర్టు కాదన్నది ఫార్మింగ్‌టన్ వ్యవహారంలో మన పిల్లలకి తెలిసొచ్చింది. వీసా మోసాలు పట్టుకోవడానికి మిషిగన్‌లో ప్రభుత్వమే పెట్టిన ఆ నకిలీ యూనివర్సిటీ సంగతి 2019 జనవరిలో బయటపడింది. విద్యార్థుల్ని అందులో చేర్పించిన రిక్రూటర్లు ఎనిమిది మంది మీద క్రిమినల్ కేసులు పెట్టారు, వాళ్లు లాయర్ పెట్టుకోలేకపోతే ప్రభుత్వమే ఇవ్వాలి. విద్యార్థులవి సివిల్ అరెస్టులు. చేతికి బేడీలు పడ్డా ప్రభుత్వ ఖర్చుతో లాయర్ రాడు, సొంతంగా పెట్టుకోవాలి.

కేసు ముగిశాక కాగితాలు. క్లర్క్ ఆఫ్ కోర్ట్ దగ్గర సర్టిఫైడ్ డిస్పొజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం) రెండు మూడు కాపీలు తీసుకోవాలి, సీలు ఉండాలి. ఎఫ్‌బీఐ రికార్డు 18 డాలర్లకి ఎవరిది వాళ్లు తెప్పించుకోవచ్చు, కొట్టేసిన కేసు ఇంకా పెండింగ్ అని చూపిస్తుందేమో అందులో తేలుతుంది. వీసా దరఖాస్తు డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న, క్షమాభిక్ష దొరికినా సరే చెప్పాలంటుంది. గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485లో ప్రశ్న ఇంకా వెడల్పు. కొట్టేశారుగా అని 'నో' పెడితే, అసలు నేరం ఏమీ చెయ్యకపోయినా అబద్ధం చెప్పినందుకు శాశ్వత నిషేధం పడే అవకాశముంది. పాత కేసుల ఫైళ్లని కొన్ని కోర్టులు కొన్నేళ్లకి నాశనం చేస్తాయి. అప్పుడు వెతికాం, రికార్డు లేదు అని క్లర్క్ సంతకంతో లేఖ తీసుకోవాలి, దాన్ని స్టాంపింగ్‌కి వెళ్లేటప్పుడు ఒరిజినల్‌గానే పట్టుకెళ్లాలి.