గురక గొంతులో, తంటా ముక్కులో

హైదరాబాద్‌లో ఏ ఈఎన్‌టీ ఓపీలో కూర్చున్నా వినపడే ప్రశ్నే: “ముక్కు దూలం వంకర సరిచేయించుకుంటే గురక పోతుందా, డాక్టరుగారూ?” గురక కొంత తగ్గొచ్చు. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి శ్వాస ఆగి ఆగి సాగే జబ్బు, మాత్రం ఆ ఒక్క ఆపరేషన్‌తో పోవడం అరుదు. అలాగని ముక్కును వదిలేస్తే అసలు వైద్యమే సాగదు.

కొబ్బరిబోండాంలో వేసిన కాగితం స్ట్రా నానిపోయి, అడుగు కొస లోపలి గోడకు అతుక్కుందనుకోండి. గట్టిగా పీల్చేకొద్దీ స్ట్రా నడుమ చప్పిడైపోతుంది. ముక్కు ఆ అడుగు కొస. కొండనాలుక వెనక ఎముక ఆసరా లేని గొంతు ఆ నానిన నడుము. ఊపిరి తీసుకునేటప్పుడు గాలికి ఎదురయ్యే అడ్డంకిలో దాదాపు సగం ముక్కులోనే ఉంటుంది. 1980ల తొలినాళ్లలో పరిశోధకులు ఆరోగ్యవంతుల ముక్కులు మూసి నిద్రపుచ్చి చూశారు: నిద్రలో శ్వాస ఆగడాలు పెరిగాయి. పైగా పడుకోగానే ముక్కులోని రక్తనాళాలు ఉబ్బుతాయి, పక్కకు తిరిగితే కిందివైపు రంధ్రం బిగుస్తుంది. ఇక నోరు తెరుచుకుంటుంది, దవడ వెనక్కి జారుతుంది, దాంతోపాటే నాలుక మొదలూ.

స్లీప్ టెస్టులో గాలి 90 శాతమో అంతకుమించో తగ్గి, కనీసం 10 సెకన్లు అలాగే ఉంటే ఒక ఆప్నియా. ఆప్నియాలూ, శ్వాస సగంలో సన్నబడే హైపోప్నియాలూ కలిపి గంటకు 5 లోపుంటే మామూలు, 30 దాటితే తీవ్రం. ఇక్కడో మెలిక ఉంది. ముక్కులో పెట్టే సన్నటి గొట్టం ముక్కుతో వచ్చే గాలినే బాగా పట్టుకుంటుంది. ముక్కు మూసుకుపోయి మనిషి నోటితో హాయిగా ఊపిరి తీస్తున్నా తెరమీద గీత చదునవుతుంది. అందుకే పెదవి దగ్గర వేడిని పసిగట్టే థర్మిస్టర్ కూడా ఉండాలి. ఇంట్లో చేసే చిన్న టెస్టుల్లో చాలావాటికి అది ఉండదు. ముక్కు దిబ్బడతో ఉన్న రాత్రి ఆ టెస్టు చేయించుకుంటే డబ్బు దండగే.

ఇక సీప్యాప్ సంగతి, అంటే స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లు రాత్రిపూట మాస్కుతో పెట్టుకునే గాలి మిషన్. 1981లో సిడ్నీలో కాలిన్ సలివన్ బృందం ముక్కు గుండా గాలి ఒత్తిడి పంపి గొంతును తెరిచి ఉంచొచ్చని చూపింది. ఇప్పటి మిషన్లు మామూలుగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి పీడనం ఇస్తాయి. ముక్కు బిగుసుకుంటే గాలి నోట్లోంచి బయటికి తన్నుతుంది, నాలుక ఎండుతుంది, అర్ధరాత్రికల్లా మాస్కు మంచం కిందికి చేరుతుంది. ముక్కు వైద్యానికి అసలు విలువ ఇక్కడే: కావలసిన పీడనం తగ్గుతుంది, మాస్కు మొహం మీద నిలుస్తుంది. నోరు కూడా కప్పే పెద్ద మాస్కు సులువైన దారిలా కనిపిస్తుంది గానీ దాంతో లీకులు ఎక్కువ, పీడనమూ తరచుగా ఎక్కువే కావాలి.

మిషన్‌లో గాలికి తేమ కలిపే డబ్బాలో బోరు నీళ్లు పోయకండి, నాలుగు రోజుల్లో అడుగున తెల్లటి పొర కడుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి, మిగిలింది పొద్దున్నే పారబోయాలి. మన రోడ్ల దుమ్ముకి, కడగదగిన ఫిల్టరైతే వారానికోసారి కడిగి పూర్తిగా ఆరాకే పెట్టండి.

అలర్జీ ఉన్నవాళ్లకు స్టెరాయిడ్ స్ప్రే పనిచేస్తుంది, సరిగ్గా కొడితేనే. కుడి రంధ్రంలోకి ఎడమచేత్తో, ఎడమ రంధ్రంలోకి కుడిచేత్తో, స్ప్రే మూతి చెవివైపు తిప్పి కొట్టాలి. దూలానికేసి కొడితే రక్తం వస్తుంది. గట్టిగా ఎగపీల్చితే మందంతా గొంతులోకే. పూర్తి గుణం కనపడటానికి రెండు వారాలు పట్టొచ్చు. మూడోరోజే “పనిచేయలే” అని మానేసేవాళ్లే ఎక్కువ. స్ప్రేకి ముందు ఉప్పునీటితో కడిగితే ఇంకా మంచిది: మరిగించి చల్లార్చిన 240 మిల్లీలీటర్ల నీళ్లలో అయోడిన్ లేని ఉప్పు పావు నుంచి అర టీ చెంచా. కుళాయి నీళ్లు నేరుగా వద్దు, మెదడుకు పాకే అమీబా భయం నిజమైనదే. ముక్కు దిబ్బడను వెంటనే విప్పే జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు మాత్రం మూడు నుంచి అయిదు రోజులు దాటనివ్వకండి. తర్వాత ఆ చుక్కలే ముక్కును మూస్తాయి.

ఆపరేషనే తేలితే, ఆప్నియా ఉన్న సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. రక్తం ఆగడానికి రెండు రంధ్రాల్లో ప్యాకింగ్ కుక్కిన రాత్రి శ్వాస మరింత ఆగుతుంది. మార్ఫిన్ జాతి నొప్పి మందులు, నిద్రమాత్రలు తోడైతే ప్రమాదం. ఆ రాత్రి ఆక్సిజన్ మీటరు వేలికి ఉండాలి, తలవైపు మంచం ఎత్తాలి. సీప్యాప్ మళ్లీ ఎప్పుడు, ఏ మాస్కుతో మొదలుపెట్టాలో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి.