స్టేట్‌మెంట్‌లో తెలియని కంపెనీ పేరు: ఆ డబ్బు ఎటు పోయిందో ఇలా కనుక్కున్నాను

కార్డు స్టేట్‌మెంట్ చూస్తుంటే ఒక లైను అస్సలు అర్థం కాలేదు. ముందు నాలుగు అక్షరాలు, తర్వాత నక్షత్రం గుర్తు, ఆ పక్కన సగంలో తెగిపోయిన ఏదో పేరు, చివర నేనెప్పుడూ వెళ్లని ఊరు. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ చిన్నది కావడంతోనే టెన్షన్ పెరిగింది, ఎందుకంటే కొట్టేసిన కార్డు నంబరు పనిచేస్తుందో లేదో చూడటానికి మోసగాళ్లు ముందు చిన్న మొత్తమే లాగి చూస్తారు.

ముందు బ్యాంకు యాప్‌లో కార్డును తాత్కాలికంగా ఆపేశాను. పూర్తిగా బ్లాక్ చేస్తే కొత్త కార్డు వచ్చేదాకా ఎదురుచూడాలి, ఇలా ఆపితే మనకు కావాల్సినప్పుడు మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

తర్వాత ఆ పేరు సంగతి. స్ట్రైప్ లాంటి పేమెంట్ సంస్థలు ఈ లైనుకు ఇచ్చేది 22 అక్షరాలే, ఖాళీలు, నక్షత్రం కూడా అందులోకే వస్తాయి, అందుకే పేర్లు మధ్యలో తెగిపోతాయి. నక్షత్రానికి ఎడమవైపు చాలాసార్లు డబ్బు వసూలు చేసిపెట్టే సంస్థ పేరో, మాతృసంస్థ పేరో ఉంటుంది, కుడివైపున ఉండేదే మనం వెతకాల్సింది. ఊరు కూడా కంపెనీ ఆఫీసు ఉన్న ఊరే కావచ్చు, మనం కొన్న చోటు కానక్కర్లేదు.

పేరును నెట్‌లో వెతికితే కస్టమర్ కేర్ అంటూ రకరకాల నంబర్లు వచ్చాయి. వాటికి మాత్రం దయచేసి ఫోన్ చేయకండి! భయంలో ఉన్నవాళ్ల దగ్గర కార్డు వివరాలు లాగడానికే అలాంటివి పెడుతుంటారు. నేను కార్డు వెనక ఉన్న నంబరుకే చేశాను.

అసలు దారి దొరికింది అక్కడే. ప్రతి వ్యాపారానికీ అదేం రకమో చెప్పే నాలుగంకెల కోడ్ ఒకటి ఉంటుంది, స్టేట్‌మెంట్‌లో మనకు కనపడకపోయినా బ్యాంకు వాళ్లకు కనపడుతుంది. నేను అడిగితే చూసి, "సాఫ్ట్‌వేర్ సేవలండీ, ఇది కార్డు సేవ్ చేసి ఉన్నచోట నుంచి వచ్చిన రెన్యువల్" అని చెప్పారు. డబ్బు వేరే దేశపు కరెన్సీలో కట్ అయిందని కూడా అప్పుడే తెలిసింది. అంతకుముందు స్టేట్‌మెంట్‌లో ఉన్న అంకెతో నా మెయిల్‌లో వెతికితే ఏమీ రాలేదు, కారణం ఇదే: బ్యాంకు మార్పిడి రేటు వేసి, దానిమీద ఛార్జీ కలిపాక అంకె మారిపోయింది. అసలు మొత్తం అడిగి తెలుసుకుని దాంతో వెతికితే రసీదు వెంటనే దొరికింది. ఫోటోలు దాచుకునే ఒక బ్యాకప్ సర్వీసు, నేను కావాలనే వాడుతున్నది. రసీదు తేదీ స్టేట్‌మెంట్ తేదీ కంటే ముందుంది, అదీ మామూలే, కొన్న రోజుకీ ఖాతాలో నమోదయ్యే రోజుకీ తేడా ఉంటుంది. రసీదు అడుగున చిన్న అక్షరాల్లో కొత్త యజమాని కంపెనీ పేరు ఉంది. సర్వీసును ఇంకెవరో కొనేశారు, మెయిళ్లేమో పాత పేరుతో వస్తున్నాయి, డబ్బు కొత్త పేరుతో కట్ అవుతోంది.

మెయిల్‌లోని లింకు నొక్కకుండా సైటు అడ్రస్ నేనే టైప్ చేసి లాగిన్ అయ్యాను. బిల్లింగ్ పేజీలో కార్డు చివరి నాలుగంకెలు, తేదీ, మొత్తం అన్నీ సరిపోయాక కార్డు ఆన్ చేశాను.

కంగారులో డిస్ప్యూట్, అంటే ఇది మోసం, నేను చేసిన ఖర్చు కాదని బ్యాంకుకు ఫిర్యాదు, వేసి ఉంటే కార్డు రద్దయ్యేది, ఆ సర్వీసు వాళ్లు నా ఖాతా ఆపేసినా ఆపేసేవాళ్లు, నా ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. అలాగని తేలని ఛార్జీని నాన్చకూడదు, ఫిర్యాదుకు గడువు ఉంటుంది, అది ఎంతో బ్యాంకును మొదటి ఫోన్‌లోనే అడిగేయండి.

ఆ కంపెనీకి కూడా మెయిల్ రాశాను, "మీ స్టేట్‌మెంట్‌లో ఈ పేరు కనిపిస్తుంది" అని రసీదులో ఒక్క లైను పెట్టమని. పరిశీలిస్తామని జవాబు వచ్చింది. వచ్చే రెన్యువల్‌లోనూ ఆ లైను లేకపోతే మళ్లీ రాస్తాను.